గ్రీజులో బొటనవేలి గుర్తు

మొన్న మొదటి ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు పాస్టరుగారు మరణవార్తలు చదివారు. రెండే పేర్లు. రెండో పేరు వినగానే నా పక్కన కూర్చున్నాయన నా వైపు వంగి, "ఎవురీయన?" అని అడిగాడు.

"బ్యాటరీ మేస్త్రి. ఆఖరి బెంచీలో, కిటికీ పక్కన కూచునేవాడు," అన్నాను.

"ఓ, ప్రభు సంస్కారం తీసుకోని ముసలాయనా," అన్నాడాయన.

మా సంఘంలో మేస్త్రికి మిగిలిన ఆనవాలు అదొక్కటే. దానికి కారణం నేను. ఆ సంగతి ఎనిమిదేళ్లుగా ఇద్దరికే తెలుసు. ఆ పేరు చదివేసరికి ఒక్కడే మిగిలాడు.

ఆయన జీవితం గురించి నాకు ఎక్కువ తెలియదు. టెక్కలి వైపు నుంచి చిన్నతనంలో కలకత్తా వచ్చాడనీ, భార్య పెళ్లయిన కొత్తల్లోనే పోయిందనీ విన్నాను. మాదీ ఆ వైపే కాబట్టి వరస కలుపుకుని మావా అనేవాణ్ణి. నేను చూసేటప్పటికే ఆయన వాట్‌గంజ్‌లో రెండు గోదాముల మధ్య సందులో, ఒక రేకుల పంచ కింద ఉండేవాడు. మోటారు బండ్ల డైనమోలు, బ్యాటరీలు చూడటం ఆయన పని. ఆయన చొక్కాలన్నింటికీ యాసిడ్ పడి చిన్న చిన్న చిల్లులుండేవి. ఆదివారం వేసుకునే తెల్ల చొక్కా ఒక్కటే వాటికి మినహాయింపు. దాన్ని పని బట్టలతో ఒకే పెట్టెలో కూడా పెట్టేవాడు కాదు.

బ్యాటరీల్లో పోసే నీళ్లు ఆయన కొనేవాడు కాదు. వానలో పట్టేవాడు. వాన మొదలవగానే పట్టడానికి లేదు. ఆ పంచ చూరుకి ఎదురుగా ఒక గాజు జాడీ పెట్టుకుని అరగంట కూర్చునేవాడు. "ముందు పడ్డదంతా పొగ గొట్టాల మసి. ఊరి ముకం కడుక్కోనియ్యి. అప్పుడు పడదాం," అనేవాడు. సందులో మోకాటి లోతు నీళ్లు నిలిచి, అందరూ గోదాము అరుగులెక్కి నిలబడితే, ఆయన మాత్రం పైనుంచి పడే నీళ్లకోసం జాడీ పట్టుకుని నిలబడేవాడు. లారీ డ్రైవర్లు నవ్వేవారు.

ఆయన పంచకు ఎదురుగా గోదాము గోడ. నల్లటి గోడ. దానిమీద మనిషి ఛాతీ ఎత్తున, తలుపంత వెడల్పున ఒక ముక్కకు మాత్రం సున్నం వేసి ఉండేది. ఏటా క్రిస్మస్ ముందు ఆ ముక్కకు ఆయనే సున్నం కొట్టేవాడు. తన గదికి కొట్టుకునేవాడో లేదో నేనెప్పుడూ అడగలేదు.

బండికి ఛార్జింగ్ సరిగా ఉందో లేదో ఆయన చూసేది ఆ గోడ మీదే. బానెట్ ఎత్తడం తరవాతి మాట. ముందు బండిని గోడకు బారెడు దూరంలో నిలబెట్టించి దీపాలు వేయించేవాడు. ఆ సందులో మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉండేది కాబట్టి వెలుగు గోడమీద స్పష్టంగా కనిపించేది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ వెలుగు కాస్త పసుపుగా ఉంటుంది. అప్పుడు డ్రైవరుతో, "రేస్ దాఓ, ఆస్తే, ఆస్తే," అనేవాడు. డ్రైవరు మెల్లగా యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ వెలుగు తెల్లబడాలి. తెల్లబడకపోతే డైనమో బ్యాటరీకి ఏమీ ఇవ్వడం లేదన్నమాట. తెల్లబడి, ఇంకా తొక్కినా అక్కడే ఆగాలి. ఆగకుండా పెరిగిపోతుంటే ఎక్కువ ఇచ్చేస్తోందన్నమాట, బ్యాటరీ ఉడికిపోతుంది.

"ఎదగాల. ఎదిగి నిలవాల," అనేవాడు.

అంతా సవ్యంగా ఉంటే ఒక్క మాటే. "నిలిసింది."

ఆ మాట కోసం డ్రైవర్లు కిటికీలోంచి మెడలు చాచి చూసేవారు. బిహారువాళ్లు, బెంగాలీలు, సర్దార్జీలు అందరికీ ఆ ఒక్క తెలుగు మాట వచ్చు. ముఖ్యంగా ఒక ముసలి టాక్సీ సర్దార్జీ, తన బండి గోడ ముందు ఆపగానే, "దాదా, నిలిసిందా?" అని ముందే అడిగేవాడు. "ఇంకా ఇంజనే ఏసుకోలేదు గదయ్యా," అని ఈయన కసిరేవాడు. రోజూ అదే మాట, అదే కసురు.

గోడ పరీక్ష అయ్యాక బానెట్ ఎత్తి బెల్టును బొటనవేలితో నొక్కి చూసేవాడు. బ్యాటరీ మూతలు తీసి వాసన చూసేవాడు. ఆఖరున ఫ్లానెల్ గుడ్డలోంచి చిన్న మీటరు తీసి పెట్టేవాడు. అది చెప్పేది ఆయనకు అప్పటికే తెలిసి ఉండేది. పనంతా అయ్యాక బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ గ్రీజు పూసి, ఆ గ్రీజు మీద బొటనవేలు గట్టిగా అదిమేవాడు. ముద్ర పడేది. మళ్లీ బండి వచ్చినప్పుడు ముందు అది చూసుకునేవాడు. ముద్ర చెరిగి ఉంటే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. అప్పుడు డ్రైవరును పక్కకు పిలిచి, "ఎవుడు ముట్టుకున్నాడు?" అని అడిగేవాడు. నిజం చెబితే ఏమీ అనేవాడు కాదు.

ఆయనకు కోపం తెప్పించే పని ఒకటుంది. ఆ రోజుల్లో కలకత్తాలో డ్రైవర్లందరూ ఛార్జింగ్ చూసుకోవడానికి ఒక దగ్గరి దారి కనిపెట్టారు. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగ ఊడబీకేయడం. ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్టు, ఆగితే పాడైనట్టు. క్షణంలో తేలిపోతుంది. ఒక్కోసారి ఆ క్షణంలోనే దీపాలు మాడిపోతాయి, డైనమో కరెంటును అదుపులో పెట్టే కటౌట్ కాలిపోతుంది. అయినా ఎవరూ మానేవారు కాదు.

"దానికొచ్చే కరెంటంతా దాసుకునేది బ్యాటరీ. నువ్వు దాన్ని లాగెస్తే ఆ కరెంటు ఎక్కడికెల్తాది? కడుపుతో ఉన్నదాని మంచం లాగి, లేచి నిలబడగలదో లేదో సూసినట్టుంది నీ పరీచ్చ," అని ఒకసారి ఒక డ్రైవరును తిట్టడం విన్నాను. ఆ డ్రైవరుకు తెలుగు రాదు. అయినా తలొంచుకుని విన్నాడు.

ఆ డ్రైవరు పక్కన నిలబడి నేను నవ్వాను కూడా.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఆయనే ఒక ఓడల ఏజెంట్ల ఆఫీసులో డ్రైవరు పని ఇప్పించాడు. ఆ ఆఫీసు బండ్ల బ్యాటరీలు చూడటానికి ఆయన ప్రతి శనివారం వాళ్ల షెడ్డుకు వెళ్లేవాడు. అక్కడ బండ్ల వ్యవహారం చూసే బెంగాలీ బాబుతో, "నా మనిసి, బాబూ," అని ఒక్క మాట చెప్పాడు. ఆ మాట మీదే నన్ను తీసుకున్నారు.

రెండేళ్ల తరవాత ఆఫీసుకు ఒక విదేశీ కారు ఓడలో దిగింది. దాన్ని నాకిచ్చారు. అందులో డైనమో లేదు, దాని బదులు ఆల్టర్నేటర్ అనే కొత్త వస్తువు ఉందన్నారు. మేస్త్రి మావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బ్యాటరీలో నీళ్లు సరిచూసి, గ్రీజు పూసి, ముద్ర వేశాడు. "పెద్ద ఇంటి పిల్ల. దీని అలవాట్లు నాకింకా తెలవవు. జాగర్త అల్లుడూ," అన్నాడు.

ఆ ఏడు ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఆఫీసు దొరను రేవు గేటు దగ్గర దింపి తిరిగి వస్తున్నాను. రోడ్డంతా నీళ్లు. ఆ నీళ్లలోంచి బండి తీసుకొస్తుంటే ముందు పలకమీద ఛార్జింగ్ అందడం లేదని చెప్పే ఎర్రలైటు మినుకుమంది. ఆరింది. మళ్లీ మినుకుమంది. ఇంకో గంటలో దొరను తీసుకురావాలి. మేస్త్రి పంచ అక్కడికి అయిదు నిమిషాల దూరం. అక్కడికి వెళ్లవలసింది. వెళ్లలేదు. ఒక చూరు కింద బండి నిలిపి, జోరు తగ్గకుండా చోక్ కాస్త లాగి, ఇంజను తిరుగుతుండగానే బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ పీకాను.

ఇంజను ఆగలేదు. అమ్మయ్య అనుకున్నాను. కానీ వానకని వేసుకున్న ముందు దీపాలు ఒక్కసారి తెల్లగా వెలిగి టప్పున ఆరిపోయాయి. తీగ మళ్లీ తగిలించాను. లోపలికి వెళ్లి చూస్తే ఎర్రలైటు వెలుగుతోంది. ఈసారి మినుకుమనడం లేదు. నిశ్చలంగా వెలుగుతోంది.

అప్పుడు మేస్త్రి దగ్గరకు తీసుకెళ్లాను.

"ఏటైంది?" అన్నాడు.

"తెలీదు మావా. దానంతటదే లైటు వచ్చింది. దీపాలు కూడా పోయాయి."

ఆయన బానెట్ ఎత్తి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. నేను పీకిన వైపు గ్రీజులో ముద్ర లేదు. నా వేళ్ల గీతలున్నాయి. నా కుడిచేతికి గ్రీజు అంటుకునే ఉంది. నేను ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఆయన నా మొహం చూశాడు, ఎవరు ముట్టుకున్నారని మాత్రం అడగలేదు. నేను చెబుతానని చూశాడనుకుంటాను. గంటసేపు ఆ కొత్త వస్తువును అటూ ఇటూ చూసి, "ఇది నా సేతిలో పని కాదు. కంపెనీ వోల్లకి సెప్పు," అన్నాడు.

మర్నాడు కారు అమ్మినవాళ్ల తాలూకు ఇంజనీరు షెడ్డుకు వచ్చి చూశాడు. ఇంజను నడుస్తుండగా ఎవరో బ్యాటరీ తీశారు, లోపల కాలిపోయింది, మొత్తం మార్చాలి అని తేల్చాడు. బెంగాలీ బాబు మా ఇద్దరినీ పిలిచాడు.

"దాదా, ఆప్‌నీ ఖులేఛేన్? మీరు తీశారా?"

"నాను తియ్యలేదు బాబూ. నా జన్మలో తియ్యలేదు."

బాబు నావైపు తిరిగాడు.

ఆ క్షణం ఇప్పటికీ నా కళ్లముందు అలాగే ఉంది. అప్పుడు నేను ఏమీ మాట్లాడకుండా ఉన్నా సగం తప్పే అయ్యేది. నేను మాట్లాడాను. "నాకు తెలీదు సార్. నిన్న గంటసేపు బండి మేస్త్రి దగ్గరే ఉంది," అన్నాను. అందులో ఒక్క మాటా అబద్ధం కాకుండా చూసుకున్నాననుకున్నాను. "తెలీదు" అన్నది అబద్ధమని కూడా ఆ క్షణంలో తోచలేదు.

మేస్త్రి కారు దగ్గరకు నడిచాడు. బానెట్ తెరిచే ఉంది. గ్రీజు మీద నా వేళ్ల గీతలు అలాగే ఉన్నాయి. పక్క టెర్మినల్ మీద రెండో ముద్ర చెరగకుండా ఉంది. బాబును పిలిచి ఆ రెండూ చూపిస్తే చాలు. తాను ముట్టుకుంటే ముద్ర వెయ్యకుండా వదలడని ఆ షెడ్డులో అందరికీ తెలుసు. ఆయన భుజంమీది గుడ్డపేలిక తీసి రెండు టెర్మినళ్లనూ శుభ్రంగా తుడిచేశాడు. గుడ్డ మడిచి భుజంమీద వేసుకున్నాడు. "బుర్ర పాతదైపోయింది బాబూ. కొత్త బండ్లు నాకొద్దు," అని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు.

పని పోయినందుకు ఆయన బాధపడ్డట్టు నాకు కనిపించలేదు. సందులో బండ్లకు కొదవ లేదు. కానీ ఈ కథ డ్రైవర్లందరికీ చేరింది. ఆయన చేతిలో తిట్లు తిన్నవాళ్లకు అదొక పండగ. "దాదా కూడా తీగ పీకేడంట," అని ఒకడంటే, "మంచం లాగేశాడు, పెద్ద ఇంటి పిల్ల పడిపోయింది," అని ఇంకొకడు. బండి గోడకు పెట్టి, "దాదా, ఈ గోడెందుకు, పీకేద్దామా?" అనేవారు. ఆయన రేస్ దాఓ అనేవాడు, అంతే. సర్దార్జీ ఒక్కడే ఆ వేళాకోళంలో కలవలేదు. నేను ఆ సందులోకి వెళ్లడం మానేశాను.

మా సంఘంలో ఒక కట్టుబాటుంది. నెల మొదటి ఆదివారం సంస్కారం, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఎవరికైనా ఎవరితోనైనా మాట తేడా ఉంటే ముందురోజు శనివారం వెళ్లి సమాధానపడాలి. తప్పు చేసినవాడే వెళ్లాలి. తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచి, ఫలానా తప్పు చేశానని చెప్పాలి. కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్న ఆడవాళ్లు శనివారం సాయంత్రం ఒకరింటికొకరు టీ పట్టుకెళ్లడం మా ఇళ్లల్లో మామూలే. మనసులో కోపం ఉంచుకుని రొట్టె ముట్టకూడదు.

ఆ ఆషాఢం తరవాత వచ్చిన మొదటి ఆదివారం, పళ్లెం ఆఖరి బెంచీకి చేరినప్పుడు ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని పక్కవాళ్లకు ఇచ్చేశాడు. పైనెలా అంతే. సంఘ పెద్దలు అడిగితే, "ఒకడి మీద కోపముంది. ఆడొచ్చి సెప్తే పోద్ది. కోపం లేదని నాను అబద్దమాడలేను," అన్నాడట. ఎవడో చెప్పమంటే చెప్పలేదట. నాలుగు నెలలకు, ఆయనలోనే ఏదో తప్పుందని మాట పుట్టింది.

నేను మాత్రం తీసుకున్నాను. ఎనిమిదేళ్లలో ఒక్క నెల తప్పలేదు. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు కదా. ఆయన కూర్చునే కిటికీకి ముందు రెండో వరసలో కూర్చుని, ఆయన వచ్చినన్నాళ్లూ ఆయన చూస్తుండగా తీసుకున్నాను. నా బతుకులో నేను చేసిన తప్పుల్లో ఇది పెద్దది. ఆ తీగ పీకడం దీనిముందు ఎంత.

కళ్లు సరిగా కనపడక ఆయన పంచ వదిలేసి సంత్రాగాఛిలో మేనకోడలి రైల్వే క్వార్టరుకు మారిపోయాడు. అప్పటికి నేను ఆఫీసు పని మాని సొంతంగా ఒక పాత టాక్సీ నడుపుతున్నాను. పోయిన ఏడు ఒక శనివారం, మర్నాడు సంస్కారం అనగా, వంతెన దాటి ఆ టాక్సీలోనే వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. దారంతా ఆ మాటలే అనుకుంటూ వెళ్లాను.

ఆయన బనీనుతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. గొంతు బట్టి గుర్తుపట్టాడు.

"ఏ రోజియ్యాల?"

"శనివారం మావా."

"కూకో," అని గబగబా లోపలికి వెళ్లాడు. వచ్చేటప్పటికి ఒంటిమీద ఆదివారం తెల్ల చొక్కా ఉంది. మెడవరకు గుండీలు పెట్టుకున్నాడు. నా ఎదురుగా స్టూలు మీద నిటారుగా కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, "సెప్పు అల్లుడూ," అన్నాడు.

ఆ చొక్కా చూశాను. ఎన్ని శనివారాలు ఆయన అలా దాన్ని తీసి పెట్టుకున్నాడో అనిపించింది. నేను తల దించుకుని, "బండి ఛార్జింగ్ ఒకసారి చూస్తావని వచ్చాను మావా," అన్నాను.

ఆయన లేచి, గుండీలు ఒక్కొక్కటే విప్పి, చొక్కా మడతపెట్టి లోపల ఇచ్చి, బనీనుతో బయటకు వచ్చాడు.

"గోడ లేదిక్కడ. తెల్ల దుప్పటి తేయే," అని మేనకోడల్ని కేకేశాడు.

"ఉతికి ఆరేసింది మావయ్యా, మళ్లీ మురికి చేస్తావేటి?"

"దుప్పటికేటవదే. ఎలుగేగా పడతాది."

ఆవిడ సణుక్కుంటూ దుప్పటి రెండు చేతులా పట్టుకుని బండి ముందు నిలబడింది. ఆయన దాదాపు దుప్పటికి మొహం ఆనించి చూశాడు. నేను మెల్లగా తొక్కాను. "నిలిసింది," అన్నాడు. బానెట్ తీయించి, తడుముకుంటూ టెర్మినళ్లకు గ్రీజు పూసి, బొటనవేలు అదిమాడు. ముద్ర వంకరగా పడింది.

"ఇంకేటైనా ఉందా అల్లుడూ?"

"ఏం లేదు మావా."

"సరే." చెయ్యి తుడుచుకున్నాడు. "వానలో బెల్టు తడిస్తే జారతాది. ఎర్రలైటు మినుకుమంటాది. కంగారుపడి ఏటీ పీకకు. బెల్టు ఆరితే అదే పోద్ది."

అంటే ఆ రోజు నేను తీగ పీకే ముందు బండికి ఏమీ కాలేదు. ఆ సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

ఆయన పోయాడని మొన్న విన్నాక, పళ్లెం నా దగ్గరకు వచ్చింది. రెండు చేతులతో అందుకుని పక్కాయనకు ఇచ్చేశాను. "ఏటి, తీసుకోలేదేటి?" అన్నాడు గుసగుసగా. ఆరాధన అయ్యాక పాస్టరుగారికి అంతా చెప్పాను. ఆయన నా భుజంమీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. మంచివారు. కానీ చెప్పవలసిన తలుపు అది కాదు.

అక్కణ్ణుంచి వాట్‌గంజ్ సందుకు వెళ్లాను. పంచ కింద ఇప్పుడు ఎవరో టైర్లు పేర్చారు. గోడమీది సున్నం మసిపట్టి పెచ్చులూడింది. సర్దార్జీ ఇంకా అక్కడే నులకమంచం మీద కూర్చుంటాడు. టాక్సీ కొడుకు నడుపుతున్నాడట. ఆయనకు చెప్పాను. ఆ తీగ పీకింది దాదా కాదు, నేను అన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ, "దాదా పీకడని నాకు ఎప్పుడూ తెలుసు భాయ్. నువ్వని తెలీదు," అన్నాడు. ఆ తరవాత నావైపు చూడలేదు.

బజారుకెళ్లి కాస్త సున్నం, ఒక కుంచె తెచ్చాను. పాత పెచ్చులు గీకి, ఆ తలుపంత ముక్కకు రెండు పూతలు వేశాను. ఆరేసరికి సాయంత్రమైంది. టాక్సీని బారెడు దూరంలో నిలిపి దీపాలు వేశాను. గోడమీద పసుపు వెలుగు పడింది. మెల్లగా తొక్కాను. తెల్లబడింది. ఇంకాస్త తొక్కాను. అక్కడే ఆగింది.

వెనక మంచం మీంచి, ఇటు చూడకుండానే, సర్దార్జీ అడిగాడు.

"నిలిసిందా?"

చూస్తూనే ఉన్నాను. ఆ మాట అనవలసింది నేను కాదు. ఇంజను ఆపేశాను.